కొండ చుట్టూ ఒకటి, లోయ చుట్టూ ఒకటి

కొండల్లో పరుగెత్తే యూటీఎంబీ రేసు గురించి నాలుగు మాటలు చెప్పాక, టోర్ డె జెయాన్ దగ్గరికి వచ్చేసరికి చాలామంది ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు: "అదే, కాకపోతే దానికి రెండింతలు." లెక్కలో తప్పేం లేదు. మొదటిది సుమారు 170 కిలోమీటర్లు, మొత్తం మీద పదివేల మీటర్ల ఎత్తు ఎక్కాలి. రెండోది 330 కిలోమీటర్లు, 24,000 మీటర్లు. రెండూ ఆల్ప్స్‌లోనే, రెండూ బయల్దేరిన ఊరికే తిరిగొచ్చే చుట్లే. మొదటిది మొదలయ్యే షామోని మాంట్ బ్లాంక్‌కి ఈ పక్క ఫ్రాన్స్‌లో, రెండోది మొదలయ్యే కూర్మాయెర్ ఆ పక్క ఇటలీలో. మధ్యలో సొరంగం ఉంది, కారులో అరగంట. అయినా ఆ రెండింతల లెక్క పట్టుకుని కూర్చుంటే టోర్ అర్థం కాదు సరికదా, యూటీఎంబీ కూడా అర్థం కాదు.

యూటీఎంబీ 2003లో పుట్టింది. ఆగస్టు చివర శుక్రవారం సాయంత్రం, మనకు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, చర్చి ముందున్న చౌరస్తాలో వాంజెలిస్ సంగీతం మోగుతుండగా రెండువేలమందికి పైగా ఒకేసారి కదులుతారు. ఆ హంగామా నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది. కానీ దారిని అల్లిన తీరుకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. చీకట్లో ఫ్రాన్స్ దాటి, 2,516 మీటర్ల సేన్ కనుమ మీద ఇటలీలోకి దిగుతారు. ముందున్నవాళ్లు తెల్లవారకముందే కూర్మాయెర్ చేరితే, వెనకవాళ్లకి మధ్యాహ్నం అవుతుంది. తర్వాత 2,537 మీటర్ల గ్రాండ్ కోల్ ఫెరే ఎక్కితే అవతల స్విట్జర్లాండ్. శాంపే సరస్సు దాటాక అసలు పరీక్ష: వరసగా మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. తొడలు అప్పటికే చచ్చుబడి ఉంటాయి. ఎక్కడం ఎలాగోలా అవుతుంది, దిగేటప్పుడే ప్రతి అడుగూ మోకాలికి తగులుతుంది. 2023లో జిమ్ వామ్స్లీ 19 గంటల 37 నిమిషాలకు గెలిచింది కూడా ఈ చివరి భాగంలోనే, అంతదాకా ముందున్న జాక్ మిల్లర్‌ని దాటుకుని. ఈ ఒక్క రేసు కోసం ఆయన అమెరికా వదిలి ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో కాపురం పెట్టాడు. నాటకంగా చూస్తే దీనికి సాటి లేదు. మొదలు, నడుమ, పతాక సన్నివేశం, అన్నీ ఒక్క రోజులో ముగుస్తాయి.

2010లో మొదలైన టోర్‌లో ఆ బిగువు వెతకడం దండగ. గడువు 150 గంటలు, అంటే ఆరు రోజులు దాటి. సగటు చూస్తే గంటకు 2.2 కిలోమీటర్లు. గెలిచినవాళ్లది కూడా గంటకు అయిదు కిలోమీటర్ల లోపే, అంటే చురుగ్గా నడిచే మనిషి వేగం. పరుగు అనే మాట ఇక్కడ మర్యాదకే. ఆ మాటకొస్తే యూటీఎంబీని 46 గంటల 30 నిమిషాల గడువుకు ముందు ముగించేవాళ్లూ ఎక్కువసేపు నడిచేవాళ్లే. తేడా కాళ్లలో లేదు, కళ్లలో ఉంది. యూటీఎంబీలో నిద్రని ఎగ్గొట్టవచ్చు. టోర్‌లో ఎగ్గొట్టలేరు, దానితో బేరమాడాలి. ఎప్పుడు పడుకోవాలి, ఎంతసేపు, చలి పెరగకముందే పై కనుమ దాటాలా, కింద ఆగాలా? 3,300 మీటర్ల దాకా వెళ్లే లోజోన్ కనుమ లాంటి చోట ఈ లెక్క తప్పితే మందు లేదు. దారిలో ఆరు పెద్ద మజిలీలు. ప్రతి చోటికీ నిర్వాహకులు మీ పసుపు సంచి మోసుకొస్తారు. అందులోంచి పొడి మేజోళ్లు తీసి, బొబ్బలకు ప్లాస్టర్ వేసుకుని, మడత మంచం మీద గంటసేపు ఒరిగి లేచినవాడికి తను ఏ ఊళ్లో ఉన్నాడో గుర్తు రావడానికి కాసేపు పడుతుంది. కెమెరాకు ఇది పనికొచ్చే దృశ్యం కాదు. కానీ రేసు గెలుపోటములు తేలేది ఇక్కడే.

చుట్టు అనే దాన్ని ఈ రెండూ వేరువేరుగా అర్థం చేసుకున్నాయి. గిరి ప్రదక్షిణ అలవాటున్న మనకు యూటీఎంబీ వెంటనే పరిచయంలా తోస్తుంది. నడుమ శిఖరం, చుట్టూ జనం. కాకపోతే వాళ్లు కొండని ఎడమచేతి వైపు ఉంచుకుని తిరుగుతారు, మన పెద్దలు చూస్తే ఊరుకోరు. టోర్ కూడా ఎడమవైపే తిరుగుతుంది గానీ దాని నడుమ శిఖరం లేదు, ఆవోస్తా లోయ ఉంది, ఊళ్లున్నాయి. మాంట్ బ్లాంక్, గ్రాన్ పారడీసో, మోంటే రోజా, మాటర్‌హార్న్ అంచున నిలబడి చూస్తుంటాయి. చుట్టుగా నాకు ఇదే నచ్చుతుంది. మనుషులు బతికే చోటు చుట్టూ తిరిగే దారిలో పక్క లోయకు దిగడం అంటే ఇంకో ఊరివాళ్ల వంటగదిలో పడటమే.

డబ్బు సంగతికొస్తే నా అభిమానం పూర్తిగా ఒకవైపు లేదు. 2021లో యూటీఎంబీ ఐరన్‌మ్యాన్ సంస్థతో చేతులు కలిపింది. ఆ గొడుగు కింది రేసుల్లో పరుగెత్తి ‘రన్నింగ్ స్టోన్స్’ పోగేసుకుంటే గానీ షామోని లాటరీలో పేరు పడదు. కొండల్లో పరుగెత్తడానికి టోకెన్లు కూడబెట్టాలా అని కోపం వస్తుంది. కానీ ఆ ఏర్పాటు వల్లే ప్రపంచంలోని మేటి పరుగు వీరులు ఏటా ఒకే చోట తలపడుతున్నారు. 2008లో ఇరవయ్యేళ్ల కిలియన్ జోర్నే 20 గంటల 56 నిమిషాలకు గెలిచి, 2022లో ఇరవై గంటల లోపు వచ్చాడంటే ఆ తేడా మీద వాదించుకోవచ్చు. దారి ఏడాదికేడాది కొంత మారుతుంది కాబట్టి ఆ వాదన తెగదు, అది వేరే సంగతి. 2023లో కోర్ట్నీ డావాల్టర్ వెస్టర్న్ స్టేట్స్, హార్డ్‌రాక్, యూటీఎంబీ మూడు రేసులూ ఒకే వేసవిలో గెలిచిందంటే ఆ ఘనత బరువు తెలిసేది కూడా ఇలాంటి పోటీ ఉన్నందుకే. టోర్‌కి ఆ కొలమానం లేదు.

ఇక ఒకే మనుషులు రెంటిలోనూ నెగ్గరా అంటే నెగ్గుతారు. యూటీఎంబీని నాలుగుసార్లు గెలిచిన ఫ్రాన్స్వా దేన్ 2024లో టోర్ గెలిచాడు. యూటీఎంబీలో 2023లో రెండో స్థానంలో వచ్చిన కథరీనా హార్ట్‌మూట్ కూడా 2024లోనే టోర్ ఆడవాళ్ల విభాగంలో గెలిచింది. అయితే దేన్‌కి పట్టింది 69 గంటలకు పైగా. 2021లో ఫ్రాంకో కొలే 66 గంటల 43 నిమిషాల్లోనే ముగించాడు. వాతావరణం ఏటా ఒకలా ఉండదు కనుక ఈ తేడాని మరీ సాగదీయకూడదు. కానీ కొలేది గ్రెసోనే. అది టోర్ మజిలీల్లో ఒకటి, దాదాపు 200 కిలోమీటర్ల దగ్గర. అందరికీ నిద్ర ముంచుకొచ్చే వేళకి, ఆయన తన సొంతూళ్లోకి దిగుతున్నాడు.