కొరియా వింతలు, పరవాసి చూపు

పరదేశంలో కొంతకాలం కాపురముండి అచ్చటి నిత్యజీవితాన్ని గురించి వ్రాసే గ్రంథాలకు ఒక ఏర్పడిన తీరు ఉన్నది. కొరియా విషయంలో ఆ తీరు మరీ స్పష్టం. పాదరక్షలు వాకిట విడిచి లోనికి పోతారు, పెద్దలకు ఏ వస్తువైనా రెండు చేతులతో అందిస్తారు, పరిచయమైన కొద్దిసేపటికే వయస్సు అడుగుతారు, కుశలప్రశ్నగా 'భోజనమైనదా?' అంటారు, భార్య భర్తను పేరు పెట్టి పిలువదు. నూరేండ్లకు పైబడి ఆంగ్లంలో వెలువడుతున్న పుస్తకాలలో ఈ పట్టిక ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. ఆంగ్లపాఠకుడు వింతపడటం సహజమే. అదే పుస్తకాన్ని చదివే తెలుగువాడు కూడ అతనితోపాటు కనుబొమలు ఎత్తడం మాత్రం ఆలోచింపదగినది. ఇందులో మన ఇంట జరగనిది ఏమున్నది?

ఈ వ్రాతలకు మూలపురుషుడు డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలో లెక్కలు వ్రాసే హెండ్రిక్ హామెల్. 1653లో అతని ఓడ చేజూ ద్వీపం వద్ద పగిలినది. ప్రాణాలు దక్కినవారిని కొరియా ప్రభుత్వం తిరిగి పోనీయలేదు. 13 ఏండ్లు అక్కడ గడిపి, 1666లో మరి 7గురితో కలిసి జపానుకు తప్పించుకొని పోయినాడు. అతని వృత్తాంతం 1668లో అచ్చయినది. అందులో చమత్కారం లేదు. బందీగా బ్రతికినవానికి వింతపడే తీరిక ఉండదు. రెండు శతాబ్దాల తరువాత తీరిక గల అతిథులు వచ్చినారు. 1883-84 చలికాలం సియోలులో గడిపిన అమెరికన్ పెర్సివల్ లొవెల్ ఆ దేశాన్ని గురించి పెద్ద గ్రంథమే వ్రాసినాడు. 1888లో వెలువడిన మరొక గ్రంథంలో తూర్పుదేశాలవారికి వ్యక్తిత్వమే కొరవడినదని సిద్ధాంతం చేసి, వారి భాషలలో సర్వనామాలు అరుదుగా వినపడటాన్ని అందుకు సాక్ష్యంగా చూపినాడు. తరువాత ఖగోళశాస్త్రంలో దిగి కుజగ్రహం మీద కాలువలు చూచిన లొవెల్ ఈయనే. ఆ కాలువలు లేవని తేలిపోయినది; సర్వనామాల మాట మాత్రం వేషాలు మార్చుకొని ఇంకా తిరుగుతూనే ఉన్నది. 'వస్తున్నారా?' అంటే చాలునని, 'మీరు' అని వేరుగా అనవలసిన పని లేదని తెలిసిన తెలుగువాడు ఒకడు ఆయన పక్కన ఉంటే ఆ అధ్యాయం ఇంకొక విధంగా ఉండేది.

ఇసబెల్లా బర్డ్ బిషప్ అంతకంటె మేలైన పరిశీలకురాలు. 1894-97 మధ్య నాలుగుసార్లు కొరియా చూచినది. మొదట సియోలు మురికిని అసహ్యించుకొన్నది. నగరం మారిన తరువాత తన అభిప్రాయం మార్చుకోవడానికి వెనుదీయలేదు. 1898 నాటి ఆమె గ్రంథంలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది బట్టల ఉతుకును గురించిన సంగతి. అందరూ తెల్లబట్టలు కట్టే దేశం. కుట్లు విప్పి, ఉతికి, గంజిపెట్టి, కర్రలతో మోది మెరుగు తెచ్చి, మరల కుట్టవలె. రాత్రివేళ ఆ కర్రల చప్పుడు వీధులలో వినపడేది. ఆ తెల్లదనం చూచి మురిసిన యాత్రికులకు కొదవ లేదు. దాని వెనుక విరిగే ఆడవారి నడుములను ఈమె చూచినది.

చూపు నిజంగా మారేది భాష పట్టుబడిన తరువాత. 1888లో వచ్చి 1927 వరకు కొరియాతో ముడివడి ఉన్న కెనడా మతప్రచారకుడు జేమ్స్ గేల్ 1897లో కొరియన్-ఆంగ్ల నిఘంటువు కూర్చినాడు. మరుసటి ఏడు ప్రచురించిన వ్యాసాలలో కూలివాడు, పొట్టిగుర్రం, పెద్దమనిషి, అందరిమీదా నవ్వు ఉన్నది. అందులో కొంత ఎత్తుపీట మీదనుండి నవ్విన నవ్వు. అదే మనిషి 1922లో కిమ్ మాన్-జుంగ్ రచించిన 17వ శతాబ్దపు నవల 'కూ ఉన్ మొంగ్'ను ఆంగ్లంలో వెలువరించినప్పుడు ఆ నవ్వు మాయమైనది. వయస్సు ఒక కారణం కావచ్చు. వృత్తి మరొకటి. ఇతరుల వాక్యాన్ని తలకెత్తుకొన్నవాడు దానిని చూచి నవ్వుతూ నడువలేడు.

ఇక హోమర్ హల్బర్ట్ సంగతి మనకు మరింత దగ్గరిది. 1886లో బడిపంతులుగా వచ్చిన ఈ అమెరికన్ 1905లో కొరియన్ భాషకూ ద్రావిడ భాషలకూ తులనాత్మక వ్యాకరణం వ్రాసినాడు. రెంటికీ చుట్టరికం ఉన్నదని అతని వాదం. నేటి భాషాశాస్త్రం దానిని అంగీకరించదు. అమ్మ, అప్ప వంటి నాలుగు మాటల పోలిక చూచి మనవారిలో కొందరు ఉప్పొంగిపోవడం నాకు రుచించదు. కాని పుట్టుకలో చుట్టరికం లేకపోయినా వాడుకలో పొరుగుతనం ఉండవచ్చు. అనువాదకునికి కావలసినది ఈ రెండవదే.

కొరియన్‌లో 'ఉరి' అనే మాట ఉన్నది. మన చెవికి అపశకునంగా తోచినా దాని అర్థం శుభమైనదే: మన, మా. కొరియావాడు 'నా ఇల్లు' అనడు, 'ఉరి ఇల్లు' అంటాడు. 'ఉరి అమ్మ' అంటాడు. చివరకు భార్యను కూడ 'ఉరి భార్య' అంటాడు. ఆంగ్లంలో వ్రాసే పరవాసులకు ఇది ఎంత ఇష్టమైన వింతయో చెప్పనలవి కాదు. భార్య కూడ ఉమ్మడి సొత్తేనా అనే పరిహాసం తప్పక వెంటవస్తుంది. మనమో, 'మా ఇల్లు', 'మా అమ్మ', 'మా ఆవిడ', 'మా ఆయన' అని నిత్యం అనుకుంటూనే ఉన్నాము. ఆ బహువచనం ఎవరినీ నవ్వించదు. ఆంగ్లానువాదకుడు దానిని ఏకవచనం చేయక తప్పదు, అతని భాష అటువంటిది. ఆ ఆంగ్లం నుండి తెలుగు చేసేవాడు 'నా భార్య', 'నా తల్లి' అని వ్రాస్తాడు. మూలంలో ఉన్నదీ, మన నోట ఉన్నదీ ఒకటే అయి ఉండగా, నడుమ రెండు భాషలకూ చెందని మాట పుస్తకంలోకి ఎక్కుతున్నది.

అన్నం సంగతి కూడ ఇంతే. వడ్లకు 'ప్యొ', బియ్యానికి 'స్సల్', అన్నానికి 'పప్' అని కొరియన్‌లో వేరు వేరు పేర్లు. ఆంగ్లంలో మూటికీ ఒకటే మాట. భార్యాభర్తలు ఒకరినొకరు పిలుచుకొనే 'యొబొ' అనే మాట 'ఇటు చూడండి' అనే అర్థం నుండి వచ్చినదంటారు. 'ఏమండీ', 'ఇదిగో' అని పిలుచుకొన్న మన తాతముత్తాతలకు దానిని విప్పి చెప్పవలసిన పని లేదు. ఆంగ్లంలో అది 'ప్రియా' వంటిదై, తెలుగులోనూ 'ప్రియా' అయి కూర్చుంటుంది. ఏబది ఏండ్ల రైతుభార్య భర్తను 'ప్రియా' అని కేకవేసిన అనువాదం చదివి నవ్వాలో ఏడ్వాలో తెలియదు. ఇక 'నువ్వు', 'మీరు'ల విషయం చెప్పనే అక్కరలేదు. ఎవరు ఎవరిని ఎంత మన్నించి మాట్లాడుతున్నారో మూలంలో క్రియాంతమే చెప్పివేస్తుంది. ఆంగ్లం దానిని దాచివేస్తుంది. తెలుగు అనువాదకుడు ఊహించి వేస్తాడు.

అయితే ఈ పొరుగుతనాన్ని నమ్మి కళ్ళు మూసుకొని నడిస్తే గోతిలో పడటం ఖాయం. ఆడపిల్ల తన అన్నను 'ఒప్పా' అంటుంది. మగపిల్లవాడు తన అన్నను 'హ్యంగ్' అంటాడు. అక్క ఆడపిల్లకు 'ఒన్ని', మగపిల్లవానికి 'నున'. పిలిచేవారిని బట్టి మారే ఈ భేదం మన అన్నకూ అక్కకూ లేదు. అంతేకాదు, యువతి తనకంటె పెద్దవాడైన ప్రియుని కూడ 'ఒప్పా' అనే పిలుస్తుంది. తెలుగులో 'అన్నయ్యా' అన్న పిలుపుతో ప్రేమకథ ముగుస్తుంది. అక్కడ దానితోనే మొదలు కావచ్చు. మరి 'బావా' అందామా? రసం కుదురుతుంది, సంఘం కుదరదు. మేనరికం అక్కడ ఊహకు అందనిది. దాయాదుల పిల్లలనూ మేనత్త మేనమామల పిల్లలనూ కలిపి చెప్పే 'సాచొన్' అనే మాటకే నాలుగవ అంతరం బంధువు అని అర్థం. ఎనిమిదవ అంతరం లోపలి రక్తబంధువుల పెండ్లిని నేటికీ చట్టం నిషేధిస్తున్నది. ఒకే ఇంటిపేరూ ఒకే మూలస్థానమూ కలవారి వివాహం మీద, మన సగోత్ర నిషేధం వంటి నిర్బంధం ఉండేది. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం కాదన్న తరువాత 2005లో చట్టం సవరించినారు.

ఈ చిక్కు కేవలం పండితచర్చ కాదు. హాన్ కాంగ్ 2007లో ప్రచురించిన 'శాకాహారి' నవల ఆంగ్లంలోకి వచ్చి 2016లో మాన్ బుకర్ అంతర్జాతీయ బహుమానం పొందినది. 2024లో ఆమెకు నోబెల్ వచ్చినది. ఆ ఆంగ్లానువాదంలోని మాటల తప్పులమీద పెద్ద వాదమే జరిగినది. తెలుగువానికి ఎదురయ్యే కష్టం వేరు. రెండవ భాగంలో కథ నడిచేది ఒక చిత్రకారునికీ అతని భార్య చెల్లెలికీ నడుమ. కొరియన్‌లో ఆమె 'చొజె', అతడు 'హ్యంగ్బు'. నిఘంటువు ప్రకారం 'మరదలు', 'బావ' సరిగా సరిపోతాయి. కాని మన మరదలు అనే మాటలో మేలమూ, పెండ్లికి అవకాశమూ, పాటలలోని సరసమూ తరతరాలుగా ఊరి ఉన్నాయి. మూలంలో చదువరి వెన్ను జలదరించవలసిన చోట తెలుగు చదువరి చిరునవ్వు నవ్వితే ఆ నవల మునిగిపోయినట్లే. 'భార్య చెల్లెలు' అని పొడిగా, మొరటుగా వ్రాయడమే ఇక్కడ మేలని నా అభిప్రాయం. అది చేయడానికైనా మూలంలో ఏ పిలుపు ఉన్నదో తెలియవలె గదా!

వయస్సు ప్రశ్నను కూడ ఈ దృష్టితోనే చూడవలె. పుట్టగానే ఒక ఏడుగా లెక్కపెట్టి, ప్రతి నూతన సంవత్సరానికీ ఒకటి కలిపే పాత లెక్కను 2023 జూన్ 28 నుండి చట్టవ్యవహారాలలో పక్కన పెట్టినారు. లెక్క మారినా ప్రశ్న పోలేదు. ఒక ఏడు పెద్దవాడైనా అతడు 'హ్యంగ్' అవుతాడు. 'చింగు', అనగా స్నేహితుడు, అనే మాట సాధారణంగా ఒక ఈడు వారికే చెల్లుతుంది. మన స్నేహితునికి ఈ నిబంధన లేదు. పరవాసి దీనిని అనవసర కుతూహలమన్నాడు. వాక్యం పూర్తిచేయడానికి కావలసిన సమాచారమని అతనికి తోచలేదు. ఎరుపు సిరాతో బ్రతికినవారి పేరు వ్రాయకపోవడం, పరీక్షనాడు జారుడుగా ఉండే సముద్రపాచి పులుసు తినకపోవడం వంటివి నిజమైన వింతలే, కాని అంతటితో సరి. వాటిమీద పుటలు నింపడం నాకు విసుగు పుట్టిస్తుంది.

నోబెల్ తరువాత కొరియన్ రచనలమీద మన అనువాదకులకు ఆసక్తి పెరగడం సహజం. ఆంగ్లం మీదుగా చేయవద్దని నేననను. మనకు ఐరోపా సాహిత్యం చాలవరకు ఆ దారినే వచ్చినది. మూలగ్రంథం ఎదుట పెట్టుకొని, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఆ భాష చదివినవారిని ఒకరిని పక్కన కూర్చుండబెట్టుకొని, కనీసం పిలుపులనూ క్రియాంతాలనూ సరిచూచుకొనవచ్చు. అది నెలల పని కాదు.

2019లో పెనుకొండ దగ్గర కొరియా మోటారు కంపెనీ కియా కార్ల తయారీ మొదలుపెట్టినప్పటినుండి కొరియనులు కొందరు ఆ ప్రాంతంలో కాపురముంటున్నారు. ఇప్పుడు పరవాసులు వారు, వింతలు మనవి. ఇరుగింటి ఆమె 'మా ఆయన ఇంకా రాలేదండీ' అన్నప్పుడు ఆ కొరియా గృహిణి ఉలిక్కిపడినదో, తన ఊరిమాట విన్నట్లు తోచినదో ఆమెయే వ్రాస్తే చదువవలెనని ఉన్నది. కొరియన్‌లోనే వ్రాయవలె, దానిని తెలుగు చేసేవారు ఆంగ్లం ముఖం చూడకుండ చేయవలె.