ముట్టు, మైల, కూలి: రుతు ఆరోగ్య చర్చలో శ్రమ స్థానం

తెలుగులో నెలసరిని సూచించే పాత మాటలు దాదాపు అన్నీ స్పర్శనో, స్థలాన్నో చెబుతాయి. 'ముట్టు'లో ఉన్నది తాకిడి. 'బహిష్టు'లో ఉన్నది వెలుపల నిలవడం. 'బయట చేరడం', 'దూరం ఉండటం' కూడా అంతే. ఆ రోజుల్లో స్త్రీ ఏ పని చేస్తున్నదో చెప్పే మాట వీటిలో లేదు. ఈ లోపం పదజాలానికే పరిమితమై ఉంటే పెద్ద చిక్కు ఉండేది కాదు. విమర్శ కూడా ఆ పరిధిలోనే సాగింది.

'నీలిమేఘాలు' (1993) నాటి స్త్రీవాద కవిత్వం దేహానుభవాన్ని సాహిత్యవస్తువుగా నిలబెట్టింది. దాని విలువ తక్కువది కాదు. అయితే మైలను ప్రధాన శత్రువుగా నిలిపిన ఆలోచన, వేరుగా కూర్చోవడానికి ఒక మూల ఉన్న ఇంటిని, పని మానుకోగల మూడు రోజులను ముందుగానే ఊహించుకుంటుంది. మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేసే కూలికి ఆ మూల లేదు, ఆ మూడు రోజులు లేవు. మైల ఆమెను తాకదని కాదు. నెలసరిలో ఉన్న స్త్రీ తమలపాకు తోటలో అడుగుపెట్టరాదన్న నమ్మకం ఆమెకు అవమానంతోపాటు కూలి నష్టం కూడా. ఒకే ఆచారం ఒక ఇంట్లో నిర్బంధమైతే మరొక ఇంట్లో పస్తు. దళిత స్త్రీల రచనలను 'నల్లపొద్దు'గా సంకలించిన గోగు శ్యామల కృషి తరువాతనైనా ఈ తేడా రుతు చర్చలోకి రావలసింది.

2018లో శబరిమల తీర్పు చుట్టూ జరిగిన వాదం ప్రధానంగా ప్రవేశం, పవిత్రతల దగ్గరే ఆగింది. మరుసటి ఏడాది మహారాష్ట్రలోని బీడ్ జిల్లా చెరకు నరికే స్త్రీల గర్భసంచి తొలగింపులు వార్తలకెక్కాయి. ప్రభుత్వం నియమించిన నీలం గోర్హే సంఘం సర్వేలో 82,309 మంది స్త్రీలలో 13,861 మందికి ఆ శస్త్రచికిత్స జరిగినట్లు తేలింది. అక్కడ భార్యాభర్తల జంటను 'కోయతా', అంటే కొడవలి, అనే లెక్కిస్తారు. ముఠాదారు ముందే అడ్వాన్సు ఇస్తాడు. పని మానిన రోజుకు జరిమానా పడుతుంది. పాలమూరు వలస కూలీల గుంపు మేస్త్రీ పద్ధతి తెలిసినవారికి ఈ అమరిక కొత్త కాదు. నీరు, మరుగు లేని గుడారాల్లో ఇన్ఫెక్షన్ వస్తుంది, వైద్యుడు క్యాన్సర్ భయం చూపుతాడు, అప్పు మిగిలే ఉంటుంది. ఈ మూడూ కలిసిన చోట వెలువడిన సమ్మతిని స్వేచ్ఛానిర్ణయమనడం కష్టం. అండాశయాలనూ తొలగిస్తే ముట్లుడగడం ముందుగా వచ్చి ఎముకలు బలహీనపడతాయి. బరువు మోసే పని మాత్రం మారదు.

దీనిని పరాయి రాష్ట్రపు విషయంగా తోసిపుచ్చే వీలు లేదు. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగింపు దేశంలో సుమారు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. ఇదంతా పని పరిస్థితుల వల్లనే అనలేం, ప్రైవేటు వైద్యం లాభాపేక్షకూ ఇందులో పెద్ద వాటా ఉంది. కాని శ్రమను వదిలేసిన వివరణ అసంపూర్ణం.

నెలసరి సెలవు వాదనలోనూ ఇదే ఇరుకు. బీహార్ 1992లోనే నెలకు రెండు రోజుల సెలవు ఇచ్చింది, ప్రభుత్వోద్యోగినులకు. హాజరుపట్టీ లేని చోట సెలవుకు అర్థమేమిటి? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీలకు వేరు మరుగుదొడ్లు తప్పనిసరి చేసింది. పొలం ఫ్యాక్టరీ కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం సైతం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమచికిత్స పెట్టెలను పేర్కొన్నది. మరుగుదొడ్డి ఆ జాబితాలో లేదు.