‘ఫుల్సమ్’ అనే మాట – మన సన్మాన పత్రాలు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతపు సంఘాలలో కాపరి బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా సన్మాన పత్రం తప్పదు. దానిని ఇంగ్లీషులో వ్రాసేవారు కొందరు ‘ఫుల్సమ్’ ప్రశంస అని వ్రాయడం మేము గమనించాము. నిండు మనసుతో చేసిన ప్రశంస అని వారి భావం. చదివేవారిలో కొందరికి మాత్రం అది వెగటు పుట్టించే పొగడ్త అని అర్థమవుతుంది.

నిఘంటువులో ఇద్దరికీ ఆధారమున్నది. 13వ శతాబ్దంలో ఆ మాటకు సమృద్ధి అని అర్థం. తరువాత మితిమీరినది, రోత కలిగించేది అనే అర్థాలు వచ్చాయి. 17వ శతాబ్దం నాటికి అది ముఖస్తుతికి అంటుకున్నది. 20వ శతాబ్దంలో పాత అర్థం మరల తలెత్తింది. మనకిది వింత కాకూడదు. కొల్లేరు నిండితే సంతోషిస్తాము. ఉప్పుటేరు ఆ నీటిని లాగలేకపోతే ఆ నిండుదనమే లంక గ్రామాలను ముంచుతుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే అవి అయిపోయాయనే కదా!

అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయంలో ఈ రెండు అర్థాలూ ప్రక్కప్రక్కనే కనబడుతున్నాయి. న్యాయవాదియైన తెర్తుల్లు ఫేలిక్సు పాలనను, అతని దూరదృష్టిని వర్ణించి గాని ఫిర్యాదుకు రాడు. పౌలు మాత్రం అతడు అనేక సంవత్సరాలుగా ఈ జనమునకు న్యాయాధిపతియని చెప్పి ఊరుకుంటాడు. మర్యాద ఉన్నది, అబద్ధం లేదు. ఆ ఫేలిక్సే పౌలు వద్ద ద్రవ్యము ఆశించాడని లూకా అదే అధ్యాయంలో వ్రాశాడు. తెర్తుల్లు పొగడ్త విలువ ఎంతో దానిని బట్టి తెలుస్తుంది.

1 థెస్సలొనీకయులకు 2:5లో పౌలు నిరాకరించినది ‘కొలకేయా’. క్రొత్త నిబంధనలో ఆ గ్రీకు మాట అక్కడ ఒక్కసారే వచ్చింది. మన బైబిలులో దానికి ‘ఇచ్చకపు’ మాటలు అన్నారు, మంచి తెలుగు. వినేవాని ఇచ్ఛ అందులో వినబడుతున్నది. అదే వచనంలో దాని ప్రక్కన ధనలోభము కూడ ఉన్నదని మన సన్మాన సంఘాలవారు గుర్తించాలి. పత్రం చదివిన వెంటనే చందాల జాబితా చదివే అలవాటు మనకున్నది.

‘ముఖస్తుతి’లో ఉన్నది ఆదివారం ఆరాధనలో మనం పలికే ‘స్తుతి’యే. కాపరిని ఆరాధన మాటలతో పొగిడితే, తరువాత దేవునికి చెప్పడానికి మన దగ్గర మాటలు నిండుకుంటాయి. కాపరి వర్షాకాలంలో దోనె మీద లంకకు వెళ్ళి రోగి కొరకు ప్రార్థించాడా? ఆ మాటే వ్రాయండి, ఊరి పేరుతో సహా. ‘ఫుల్సమ్’ను మాత్రం పత్రంలో నుండి తీసివేయండి. ‘నిండు మనసుతో’ అనేది మనకున్నది.