మీసం కూడా మరవని పెన్సిల్

పులికాట్ అనగానే అందరికీ ఫ్లెమింగోలే గుర్తొస్తాయి. మా తడ, సూళ్లూరుపేట వైపు ఫోన్లు తెరిస్తే మాత్రం వాకిట్లో పడుకున్న నాటుకుక్కలూ కనిపిస్తాయి. ఆ ఫోటోలు చూసి పెన్సిల్‌తో బొమ్మ గీసిచ్చేవాళ్ల పనితనాన్ని పక్కన కూర్చుని చూడాలి. "ఒక్కటి చాలదన్నా, నాలుగైదు పంపించు" అని ముందే అడుగుతారు. ఫోన్‌ను కుక్క మొహం దగ్గరికి పెట్టి తీస్తే ముక్కు పెద్దదైపోయి, చెవులు చిన్నవైపోతాయి. అందుకే దాని కళ్ల ఎత్తులో, పగటి వెలుతురులో తీసిన ఫోటో కావాలి. ఫోటో మీదా, కాగితం మీదా సమానంగా గళ్లు గీసుకుని, ఒక్కో గడిలోని గీతను కాగితం మీదికి దించుతారు. కంటిపాపలో మెరుపు కోసం ఏమీ గీయరు, అక్కడ తెల్ల కాగితాన్ని అలాగే వదిలేస్తారు. వెంట్రుకలు ఎటు వాలితే పెన్సిలూ అటే; ముక్కు మీద పొట్టి గీతలు, మెడ దగ్గర పొడుగువి. మీసాలకు వేరే చిట్కా ఉంది. మొన అరిగిన సూదితో ముందే గాడి నొక్కి, పైన 4బి పెన్సిల్‌తో తేలిగ్గా రుద్దుతారు. గాడిలోకి నలుపు దిగదు, తెల్లటి మీసం తేలుతుంది. చిరిగిన చెవినీ, మూతి మీది పాత గాటునూ సరిచేయరు. కుక్క పోయాక ఇంటివాళ్లు తడిమి చూసుకునేది ఆ గుర్తుల్నే. మీ వాకిట్లోనూ ఒకటుంటే, ఈ రోజే నేల మీద కూర్చుని నాలుగు ఫోటోలు తీసి పెట్టుకోండి.