తొంభై సెకన్లలో ఒక నవల

నవల మొత్తాన్ని తొంభై సెకన్లలో చెప్పాలి. సారాంశం చదివి వినిపిస్తే చెల్లదు, నటించి చూపించాలి. అమెరికాలో పిల్లల రచయిత జేమ్స్ కెనడీ 2011లో మొదలుపెట్టిన ‘నైంటీ సెకండ్ న్యూబరీ’ చిత్రోత్సవం పెట్టే షరతు ఇది. పుస్తకం 1922 నుంచి ఇస్తున్న న్యూబరీ పతకమో, దాని తర్వాతి స్థానమైన ఆనరో పొందినదై ఉండాలి. ఇళ్ల నుంచి, గ్రంథాలయాల నుంచి చిత్రాలు వచ్చినట్టే బడుల నుంచీ వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఇంగ్లిషు క్లాసుకు ఇంతకన్నా మంచి పని దొరకదని నా నమ్మకం.

స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద సుమారు ఒక నిమిషం. అంటే పిల్లల చేతిలో ఉన్నది పేజీన్నర. ఇ.బి. వైట్ ‘షార్లెట్స్ వెబ్’ 22 అధ్యాయాలు. ఏది వదిలేయాలి? టెంపుల్టన్ అనే ఎలుకను తీసేస్తే పోతుందనిపిస్తుంది. దానికి స్వార్థం ఎక్కువ, పైగా తిండిపోతు. కానీ షార్లెట్ అనే సాలీడు గూటిలో అల్లడానికి మాటలున్న కాగితం ముక్కలు ఏరుకొచ్చేది అదే. చివర్లో సంతలో కొట్టం పైకప్పు నుంచి షార్లెట్ గుడ్ల సంచిని దించేదీ అదే. ఎలుకను తీసేస్తే కథ రెండుచోట్ల తెగిపోతుంది. పన్నెండేళ్ల పిల్లలు ఈ సంగతిని పరీక్షలో జవాబు కోసం కాక, తమ సినిమా నిలబడటం కోసం కనిపెడతారు.

ఉత్సవానికి వచ్చిన చిత్రాల్లో ఇదే పుస్తకాన్ని హారర్ సినిమాగా మలిచినది ఉంది. వినగానే అల్లరిలా అనిపిస్తుంది. పుస్తకం తెరవండి. మొదటి పేజీలోనే తండ్రి గొడ్డలి పట్టుకుని బయల్దేరుతాడు, బక్కచిక్కిన పందిపిల్లను చంపడానికి. కూతురు అడ్డుపడితే ఆ పందిపిల్ల, విల్బర్, బతుకుతుంది. కొట్టంలోకి చేరాక, చలికాలం రాగానే నిన్ను కోసేస్తారని ముసలి గొర్రె చెబుతుంది. విల్బర్‌కు దొరికిన నేస్తమేమో పురుగుల రక్తం తాగే సాలీడు. తెల్లారేసరికి గూటిలో అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. చావుభయమే ఈ కథకు వెన్నెముక. వైట్ దాని మీద ఎండుగడ్డి వాసననూ స్నేహాన్నీ కప్పాడు. పిల్లలు ఆ కప్పు తొలగించారు. పుస్తకాన్ని వెక్కిరించడానికి అలా చేయలేదు, అందులో ఉన్నదాన్నే పైకి తెచ్చారు. సాహిత్య విమర్శ చేసే పనీ ఇదే.

బెవర్లీ క్లియరీ ‘రమోనా అండ్ హర్ ఫాదర్’ను జేమ్స్ బాండ్ ధోరణిలో తీసినదీ అలాంటిదే. నాన్న చేత సిగరెట్లు మాన్పించడానికి చిన్నపిల్ల రమోనా ఇంట్లో నడిపే ఉద్యమంలో గూఢచారి పోకడ ముందునుంచే ఉంది.

ఇక చేతిపని. మట్టిబొమ్మలతోనో ప్లాస్టిక్ ఇటుకలతోనో స్టాప్ మోషన్‌లో తీస్తే సెకనుకు పన్నెండు ఫొటోలు వేసుకున్నా మొత్తం 1080 కావాలి. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, క్లిక్ చేయడం, మళ్లీ జరపడం. మధ్యలో ఎవరి మోచెయ్యో బల్లకు తగిలితే ఆ షాట్ మళ్లీ మొదటికి. మనుషులతో తీసేవాళ్లకు చిక్కు వేరు: కెమెరా ఎక్కడ పెట్టాలి? అదే సాలీడు, అదే మాట. కింద నుంచి పైకి చూస్తే బెదిరింపు, కళ్లకు సమంగా పెడితే స్నేహం. అమెరికా బడుల కోసం 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు ఏడో తరగతి వాళ్లను రాసిన కథనూ దాని సినిమానూ పోల్చమంటాయి. వెలుతురు, శబ్దం, రంగు, కెమెరా కోణం ఏం చేస్తున్నాయో విశ్లేషించమంటాయి. టార్చిలైటును గడ్డం కింద పెట్టాలా పక్కన పెట్టాలా అని గొడవపడే పిల్లలు ఆ విశ్లేషణలోనే ఉన్నారు.

ఇలాంటి చిత్రాలకు పెద్ద ప్రమాదం నేరేషన్. తొంభై సెకన్లు చాలవనిపించగానే ఒక గొంతు వచ్చి కథంతా గడగడా చెప్పేస్తుంది, దృశ్యానికి పనుండదు. మంచి చిత్రాలు ఆ సులువును కాదంటాయి. ఉద్యోగం పోయిన రమోనా తండ్రిని గుమ్మంలో నిలబెట్టి, ముఖం మీద రెండు సెకన్లు ఆగితే చాలు. ఆ రెండు సెకన్లు ఎక్కడి నుంచి తెచ్చారన్నదే అసలు పనితనం. మరో సన్నివేశంలో ఎవరిదో డైలాగు కత్తిరించి తెచ్చి ఉంటారు.

టీచర్లు మార్కులు వేసేటప్పుడు పూర్తయిన చిత్రంతో పాటు కొట్టివేతలున్న స్క్రిప్టు కాగితాలు కూడా తీసుకోవాలి. ఏ పాత్రను ఎన్నో ప్రతిలో వదిలేశారో, టెంపుల్టన్‌కు చివరికి ఎన్ని సెకన్లు మిగిలాయో వాటిలోనే కనిపిస్తుంది.