కాకి ఈక మీటిన తీగ

1704 డిసెంబరు 5. జర్మనీలోని హాంబర్గ్ ఒపెరా థియేటర్లో 'క్లియోపాత్ర' ఆడుతోంది. సంగీతం కూర్చింది యోహాన్ మాతెసన్. ఆంటొనీ వేషం కట్టి పాడుతున్నదీ ఆయనే. ఆయన వేదిక మీద ఉన్నంతసేపూ కింద హార్ప్సికార్డ్ ముందు కూర్చుని వాద్యబృందాన్ని నడిపిస్తున్నది ఆయన స్నేహితుడు, పందొమ్మిదేళ్ల హాండెల్. ఆంటొనీ చనిపోయాక ఇంకా అరగంట ఆట మిగిలే ఉంది. చచ్చిన ఆంటొనీ తిన్నగా దిగివచ్చి, ఇక నేను వాయిస్తాను, లెమ్మన్నాడు. హాండెల్ లేవలేదు. మాటామాటా పెరిగింది. ఇద్దరూ థియేటర్ బయట బజార్లో, జనం చూస్తుండగా కత్తులు దూశారు. మాతెసన్ కత్తి హాండెల్ కోటుకున్న వెడల్పాటి లోహపు గుండీకి తగిలి విరిగిపోయింది. తర్వాతి కాలంలో మాతెసనే స్వయంగా రాసుకున్న సంగతి ఇది. నెల తిరక్కముందే ఇద్దరూ రాజీపడి కలిసి భోంచేశారు. ఆ గుండీ కుట్టిన దర్జీకి మాత్రం సంగీత లోకం ఇప్పటికీ బాకీయే.

ఒక వాద్యం ముందున్న కుర్చీ కోసం ఇంత గొడవా? అవును, అది అలాంటి కుర్చీ మరి.

సుమారు 1600 నుంచి 1750 వరకు సాగిన బరోక్ కాలంలో, చేత్తో కర్ర ఊపుతూ నిలబడే ఇప్పటి కండక్టర్ చాలా ఒపెరాల్లో లేడు. హార్ప్సికార్డ్ దగ్గర కూర్చున్నవాడే నాయకుడు. అతను వాయించడానికి కాగితం మీద ఉండేది ఒకే ఒక్క వరుస, కింది స్థాయిలో నడిచే మంద్ర స్వరాలు. వాటి పక్కన 6, 7, 4 అంటూ అంకెలు. ఆ వరుసను చెల్లో వాయిస్తుంది, హార్ప్సికార్డ్ వాయించేవాడి ఎడమ చెయ్యీ వాయిస్తుంది. కుడి చేతికి రాసిచ్చింది ఏమీ లేదు. అంకెలు చెప్పే స్వరాల గుత్తుల్ని అప్పటికప్పుడు అల్లుకోవాలి. గొంతు సన్నగా ఉంటే రెండు స్వరాలు, వాద్యాలన్నీ మోగుతుంటే రెండు చేతుల నిండా. దీన్ని కంటిన్యువో అంటారు. మన పద్యనాటకాల్లో హార్మోనిస్టును చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. నటుడి పెదాల మీదే కళ్లు పెట్టి, శ్రుతి అందిస్తూ, అతను రాగం తీసినంతసేపూ వెంట ఉండి, తడబడితే కప్పిపుచ్చే మనిషి. ఒపెరాలో మాటకూ పాటకూ మధ్యస్తంగా సాగే సంభాషణల్లో హార్ప్సికార్డ్ చేసేది సరిగ్గా ఆ పనే.

చూడ్డానికి ఈ వాద్యం సన్నబడిన గ్రాండ్ పియానోలా ఉంటుంది. పోలిక అంతవరకే. పియానోలో మెట్టు నొక్కితే ఫెల్టు చుట్టిన సుత్తి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్ కొట్టదు, మీటుతుంది. ప్రతి మెట్టు వెనక కొసన, తీగల వరుసకు ఒకటి చొప్పున, సన్నటి చెక్క పట్టీ నిలబడి ఉంటుంది. దాని పేరు జాక్. జాక్ తలలో కదిలే చిన్న నాలుక, ఆ నాలుకలో గుచ్చిన ఈక కాడ. మెట్టు నొక్కగానే జాక్ లేస్తుంది, వీణ మీద గోరు మీటినట్టు ఈక తీగను మీటుతుంది. వేలు తీస్తే జాక్ దిగుతుంది. అప్పుడు ఆ నాలుక వెనక్కి వంగి, తీగను రెండోసారి మీటకుండా జారుకుంటుంది. దాన్ని మళ్లీ నిలబెట్టే స్ప్రింగు, పాత వాద్యాల్లో, ఒక పందివెంట్రుక. పైనున్న గుడ్డముక్క తీగ మీద వాలి నాదాన్ని ఆపేస్తుంది. ఐదు స్థాయులు, మూడు వరుసల తీగలు ఉన్న వాద్యమైతే ఇలాంటి జాక్‌లు నూట ఎనభై దాకా ఉంటాయి. వాడిన ఈకలు ఎక్కువగా కాకివి, బొంతకాకివి. కాకి గొంతు సంగీతానికి పనికిరాకపోయినా ఈక మాత్రం రాజాస్థానాలేలింది. ఇప్పటి వాద్యాల్లో ఎక్కువగా గట్టి ప్లాస్టిక్ ముక్కలే.

మీటడంలో ఒక చిక్కుంది. మెట్టును మెత్తగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దంలో పెద్ద తేడా రాదు. పలికిన స్వరం కూడా ఎక్కువసేపు నిలవదు. అంటే భావానికి ప్రాణమైన హెచ్చుతగ్గులు వేళ్ల చేతుల్లో లేవు. ఫ్రాన్స్‌లో రాజాస్థాన విద్వాంసుడు ఫ్రాన్స్వా కూపెరాన్ ఈ లోటును దాచలేదు. నాదాన్ని పెంచడం, తగ్గించడం ఈ వాద్యానికి చేతకాదని తన పుస్తకాల్లో ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోకుండా, చెవిని నమ్మించే దారులు వెతికాడు.

ఆయన పట్టుకున్న ఉపాయం కాలం. ముఖ్యమైన స్వరాన్ని రావలసిన క్షణానికి రానివ్వకుండా ఒక వెంట్రుకవాసి ఆలస్యం చెయ్యండి. ఎదురుచూసిన చెవికి అది బరువుగా వినిపిస్తుంది. స్వరం చివరను కాస్త ముందే తుంచండి. తర్వాత వచ్చేది ఊపిరి పీల్చుకుని పలికినట్టుంటుంది. ఈ రెంటికీ పేర్లు పెట్టి, గుర్తులు కల్పించి, 1716లో వచ్చిన 'హార్ప్సికార్డ్ వాయించే కళ' అనే పుస్తకంలో వివరించాడు. నిశ్శబ్దంతో శబ్దం తూకాన్ని మార్చడమన్నమాట. బరోక్ కాలం కనిపెట్టిన వాటిలో దీన్ని మించిన తెలివి లేదనిపిస్తుంది.

మిగతా మెళకువలూ ఆ ఇరుకులోంచి పుట్టినవే. స్వరాల గుత్తిని ఒక్కసారిగా నొక్కితే పెళుసుగా మోగుతుంది కాబట్టి, కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా విడదీసి చల్లుతారు. నెమ్మదిగా చల్లితే లాలన, చురుగ్గా చల్లితే కోపం. వేలు కింద స్వరం చచ్చిపోకుండా పక్క స్వరంతో కలిపి చకచకా కదిలిస్తారు. అలంకారాలంటే పైపై నగిషీలని అనుకునేవాళ్లుంటారు గానీ, అవి ఆరిపోయే దీపానికి పోసే నూనె. వీణలో లాగా తీగను పక్కకు లాగి గమకం పలికించే వీలు ఇక్కడ లేదు. ఉన్నదల్లా మెట్టుకూ మెట్టుకూ మధ్య పరుగే. ఇక మాధుర్యం కావాలంటే ఒక స్వరం మీంచి వేలు తీయకుండానే రెండోది నొక్కి, రెండు నాదాలనూ ఒకదాంట్లో ఒకటి కలవనిస్తారు.

శబ్దం పెంచాలంటే? స్వరాల సంఖ్య పెంచాలి. స్వరకర్త బాఖ్ దీన్ని ఎక్కడికి తీసుకువెళ్లాడో వినాలంటే ఐదో బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టో వినాలి. 1719లో ఆయన కోథెన్ సంస్థానం కోసం బెర్లిన్‌లో మీట్కే అనే పనివాడి దగ్గర నుంచి కొత్త హార్ప్సికార్డ్ తెచ్చాడు. రెండేళ్ల తర్వాత, 1721 మార్చిలో అంకితమిచ్చిన ఆరు కన్చెర్టోల్లో ఈ ఐదోది ఒకటి. మొదట్లో ఫ్లూట్, వయొలిన్ ముందుంటాయి, హార్ప్సికార్డ్ ఎప్పటిలాగే వెనక. నడుస్తున్న కొద్దీ అది మెల్లగా ముందుకు చొరబడుతుంది. చివరకు అందరూ వాయించడం ఆపేస్తారు. 65 బార్ల పాటు, మన లెక్కలో 65 ఆవర్తాలనుకోండి, అది ఒక్కటే మోగుతుంది. స్వరాలు అంతకంతకూ చిక్కబడతాయి. ఏ ఒక్క తీగా గట్టిగా మోగలేదు, కానీ గది నిండిపోతుంది. అంతవరకు పల్లకీ మోసిన బోయీ పల్లకీ ఎక్కి కూర్చున్నట్టు.

మరో స్వరకర్త స్కార్లాటి దారి వేరు. బాఖ్, హాండెల్ పుట్టిన 1685లోనే ఇటలీలో పుట్టి, పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరాకు గురువై, ఆమె వెంట స్పెయిన్ చేరాడు. రాసిన సొనాటాలు 555. గిటారు మీద చేత్తో తట్టినట్టుండే గరుకు స్వరాల గుత్తులు, ఒక చెయ్యి మీంచి మరో చెయ్యి దూకడాలు వాటిలో మెండు. బాఖ్ 1741 నాటి గోల్డ్‌బర్గ్ వేరియేషన్లలోనూ చేతులు దాటుకుంటాయి. అయితే ఆయన రాసింది రెండంతస్తుల మెట్లున్న వాద్యానికి. ఒక చెయ్యి పై అంతస్తులో, మరోటి కింద. అదే పియానో మీద వాయిస్తే రెండు చేతులూ ఒకే మెట్టు కోసం కొట్లాడుకుంటాయి.

ఈ వాద్యం మన దేశానికీ వచ్చింది. కంపెనీ కాలపు కలకత్తాలో, ఓడల్లో దిగిన హార్ప్సికార్డ్‌ల మీద హిందుస్తానీ పాటలు వాయించడం దొరసానులకు సరదా. విలియం హామిల్టన్ బర్డ్ అలాంటి పాటలను ఈ వాద్యానికి మలిచి 1789లో కలకత్తాలోనే ఒక పుస్తకం అచ్చువేశాడు. గమకాలు పోయాయి, ఎముకల గూడు మిగిలింది. అయినా ఆనాటి పాటల జాడ కోసం పరిశోధకులు ఆ పుస్తకాన్ని తిరగేస్తూనే ఉన్నారు.

హార్ప్సికార్డ్‌కు ఎసరు పెట్టిందెవరు? ఫ్లారెన్స్‌లో మెదిచి ప్రభువుల హార్ప్సికార్డ్‌లను చూసుకునే క్రిస్తొఫొరియే. మెత్తగానూ గట్టిగానూ పలికే కొత్త వాద్యం ఒకటి ఆయన చేసినట్టు 1700 నాటి ఆస్థాన జాబితాలో ఉంది. అదే పియానో. నూరేళ్లు తిరిగేసరికి పాతది అటకెక్కింది.

ఇరవయ్యో శతాబ్దంలో దాన్ని మళ్లీ వేదిక మీదికి తెచ్చిన మనిషి పోలండ్‌కు చెందిన వాండా లాండోవ్‌స్కా. 1912లో ప్లెయెల్ కంపెనీ ఆమె కోసం చేసిన వాద్యంలో పియానోలాంటి బరువైన చట్రం, కాలి పెడళ్లు ఉన్నాయి. నిజం చెప్పాలంటే అది వేషం వేసుకున్న పియానో. కానీ ఆమె లేకపోతే ఈ శబ్దం కోసం చెవి ఒగ్గేవాళ్లే ఉండేవారు కాదు. 1949లో బోస్టన్‌లో ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ దుకాణం తెరిచి, పాత వాద్యాలను కొలిచి, అచ్చం అలాగే తేలికపాటి చెక్కతో చెయ్యడం మొదలుపెట్టారు. ఇవాళ కచేరీల్లో వినిపించేది ఆ దారిలో వచ్చిన వాద్యమే.

వినాలనుకుంటే ఐదో బ్రాండెన్‌బర్గ్‌తో మొదలుపెట్టండి. తర్వాత స్కాట్ రాస్ వాయించిన స్కార్లాటి వినండి. 555 సొనాటాలనూ మొట్టమొదట పూర్తిగా రికార్డు చేసింది ఆయనే, మొత్తం 34 సీడీలు. ఒక్క జాగ్రత్త. రికార్డింగుల్లో మైకు తీగల దగ్గరే ఉండటం వల్ల ఈ వాద్యం ఉన్నదానికన్నా పెద్దగా, గరుకుగా వినిపిస్తుంది. గదిలో అది పలికేది నెమ్మదిగానే. అందుకని వాల్యూం బాగా తగ్గించి, ఫ్యాను కూడా ఆపేసి వినండి.