పాట ముందు, గిటార్ తర్వాత

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. కొడుకు చేతిలో విద్య ఉందని కనిపెట్టిన తండ్రి, తన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. గాత్రం మనిషి. మాండలిన్ ఆయనకు రాదు. అయినా నేర్పారు. ఆయన పాడేవారు, కుర్రాడు విని అదే తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కి పదేళ్లు నిండలేదు. ఆ తర్వాత సంగతి లోకానికంతా తెలుసు.

ఈ వయసులో గిటార్ వస్తుందా అని అడిగే ప్రతివారికీ నేను ముందు ఈ సంగతే చెబుతాను. బాలమేధావి కథ నడివయసు వాళ్లకెందుకు అంటారు కొందరు. నాకు ఇందులో ముఖ్యం కుర్రాడి ప్రతిభ కాదు, గురువుగారి పద్ధతి. వాద్యం పట్టని మనిషి వాద్యం నేర్పగలిగారంటే, పాట చెవిలో ఉంటే చాలు, వేళ్లు దాన్ని వెతుక్కుంటాయన్నమాట. నలభై యాభై ఏళ్లు బతికిన మనిషి చెవిలో ఎన్ని పాటలుంటాయి! రేడియోలో విన్నవి, పెళ్లిపందిట్లో మైకులో విన్నవి, ఇళయరాజా పాటలు, రామాలయంలో భజనలు, చర్చిలో కీర్తనలు. ఆరేళ్ల పిల్లాడికి లేని ఆస్తి అది. గిటార్ చేతికి రాగానే చాలామంది ఆ ఆస్తిని మూలన పెట్టేసి, ఫోనులో కనిపించే కార్డుల, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్ల, బొమ్మలు చూసి వేళ్లు వంచుకుంటూ కూర్చుంటారు. నాకు బాధ కలిగేది అక్కడే.

నేనూ నలభై దాటాకే పట్టాను గిటార్. మాది చింతలపూడి. మెట్ట ప్రాంతం. పామాయిల్, మామిడి, పొగాకు. ఇటు ధర్మాజీగూడెం మీదుగా ఏలూరు, అటు సత్తుపల్లి మీదుగా ఖమ్మం. ఇలాంటి ఊళ్లలో గిటార్ ఎవరి దగ్గర ఉంటుందంటే ఎక్కువగా చర్చి పాటల బృందంలోని కుర్రాళ్ల దగ్గరే. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ఎత్తుకున్న పాటకు అప్పటికప్పుడు శ్రుతి పట్టి వాయించేస్తారు. వాళ్లలో చాలామందికి స్టాఫ్ నొటేషన్ రాదు. పాట వచ్చు. మన పక్కనే ఇంత మంచి బడి ఉంది. గురువు దొరకలేదని దిగులుపడే పెద్దవాళ్లు ఆ పిల్లల పక్కన ఒక గంట కూర్చుంటే చాలా తెలుస్తుంది.

మా వీధిలో పామాయిల్ రైతు ఒకాయన ఉన్నారు, నాకు వరసకు బాబాయి. ఎండలు ముదరకముందే ఒకరోజు పొద్దున్నే అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చారు. అందులో ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు ధరకు తెప్పించిన గిటార్.

“అబ్బాయ్, ఎంత నొక్కినా మోత సరిగ్గా రావట్లేదు. వేళ్లు మాత్రం కోసుకుపోతున్నాయి. వయసైపోయిందంటావా?” అన్నారు.

ఆయన చేతులు చూశాను. గెలలు కోసే గెడ పట్టి పట్టి అరచేతుల నిండా కాయలు కాసి ఉన్నాయి. వేలికొసలు మాత్రం మెత్తగానే ఉన్నాయి. ఇన్నేళ్ల వ్యవసాయంలో వాటి మీద ఇలాంటి ఒత్తిడి ఎప్పుడూ పడలేదు మరి. ఎడమచేతి మూడు వేళ్ల మీదా తీగల గాట్లు ఎర్రగా దిగి ఉన్నాయి. “వేళ్ల సంగతి తర్వాత బాబాయ్, ముందు గిటార్ ఇలా ఇవ్వండి” అన్నాను.

ఇప్పటి చిన్న రూపాయి బిళ్ల మందం ఇంచుమించు ఒకటిన్నర మిల్లీమీటర్లు. రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పన్నెండో మెట్టు మీద లావు తీగ కిందికి తోశాను. తగలకుండా వెళ్లాయి. మూడోది పేర్చాను. అదీ వెళ్లింది. అంటే రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర ఉండాల్సిన తీగ నాలుగున్నర దాటి పైన ఉంది. ఉక్కు తీగల మామూలు సెట్టు శ్రుతి చేశాక ఆరూ కలిపి డెబ్భై కిలోల దాకా బిగువుతో లాగుతుంటాయి. అంత బిగువున్న తీగను అంత ఎత్తు నుంచి కిందికి నొక్కాలంటే ఎంత విద్వాంసుడి వేళ్లయినా మండుతాయి. పైగా నొక్కినకొద్దీ తీగ సాగి స్వరం పైకి పోతుంది. ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసుకున్నా కార్డు అపశ్రుతిగానే మోగుతుంది. పాపం, ఆయన అదంతా తన వయసు మీద వేసుకున్నారు. గిటార్ మానేసిన పెద్దవాళ్లలో సగంమంది సంగతి ఇంతేనని నా నమ్మకం.

ఏలూరు తీసుకెళ్లి వాద్యాలు బాగుచేసే ఒకాయనకు చూపించాం. బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లటి బద్దను శాడిల్ అంటారు. దాన్ని ఊడదీసి, అడుగువైపు ఉప్పుకాగితం మీద రుద్దారాయన. కొంచెం రుద్దడం, పెట్టి చూడడం, మళ్లీ తీయడం. శాడిల్ ఒక మిల్లీమీటరు తగ్గితే పన్నెండో మెట్టు దగ్గర తీగ దిగేది అర మిల్లీమీటరే. ఎక్కువ అరిగితే తీగ మెట్లకు తగిలి బరబరమంటుంది. కాబట్టి తొందర పనికిరాదు. తర్వాత మెడ లోపలి ఇనుప కమ్మీని ఆలెన్ కీతో కాస్త బిగించి వంపు తీశారు. పాత తీగలు విప్పేసి సన్నవి, పది నంబరు సెట్టు వేశారు. మొత్తానికి మూడు మిల్లీమీటర్లకు దిగింది. బాబాయి అక్కడే బల్ల మీద కూర్చుని నొక్కి చూసి, “ఇదేంటి, ఇంత తేలికా?” అన్నారు.

ఇంటికొచ్చాక ఆయనకు కార్డులు చెప్పలేదు, స్వరాలు చూపించాను. సన్న తీగ నుంచి లెక్కపెడితే ఐదో తీగ, మూడో మెట్టు నొక్కితే స. నాలుగో తీగ ఊరికే మీటితే రి, రెండో మెట్టు గ, మూడో మెట్టు మ. మూడో తీగ ఊరికే మీటితే ప, రెండో మెట్టు ద. రెండో తీగ ఊరికే మీటితే ని, మొదటి మెట్టు మీద పైస్థాయి స. మొదటి మూడు మెట్లలో శంకరాభరణం మొత్తం వచ్చేసింది. ఎనిమిది స్వరాల్లో మూడింటికి వేలు పెట్టే పనే లేదు. మ, ని వదిలేస్తే మోహనం. మోహనంలో మనం చిన్నప్పటి నుంచి విన్న పాటలు ఎన్ని లేవు! బాబాయి తనకు తెలిసిన భజన ఒకటి సన్నగా ఎత్తుకుని, నోటితో పాడుతూ తీగల మీద వెతకడం మొదలుపెట్టారు. ఒకచోట వేలు పక్క మెట్టు మీద పడింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే ముఖం చిట్లించి వెనక్కొచ్చి సరిచేసుకున్నారు. ఎవరు చెప్పారు ఆయనకు? ఆ చెవే.

ఇలా ఒంటి స్వరాల మీద పాట నడిచాక కార్డులు చెబితే వాటి అవసరమేమిటో తెలుస్తుంది. అప్పుడు సి, జి, ఎఫ్ చాలు. వేలు అడ్డంగా ఆరు తీగల మీదా పరిచి పట్టే ఎఫ్ దగ్గర అందరూ ఆగుతారు. నాలుగు సన్న తీగలతోనే చిన్న ఎఫ్ పట్టుకుని పాట సాగనివ్వండి.

మన గొంతుకు తగ్గ శ్రుతి కోసం కాపో ఒకటి కొనుక్కోవాలి. తీగలన్నిటినీ ఒకే మెట్టు దగ్గర నొక్కిపట్టే బిగింపు అది. రెండు మూడు వందలకు దొరుకుతుంది. హార్మోనియం పక్కన పాడిన అలవాటున్నవాళ్లకు దీని లెక్క ఇట్టే అర్థమవుతుంది. సి పట్లతో వాయిస్తే ఒకటో శ్రుతి. కాపో మొదటి మెట్టు దగ్గర బిగిస్తే ఒకటిన్నర, రెండో మెట్టు దగ్గర రెండు, మూడో దగ్గర రెండున్నర. ఆడవాళ్ల గొంతుకు జి పట్లు పడితే ఐదు, మొదటి మెట్టు దగ్గర కాపో పెడితే ఐదున్నర. వేళ్ల పట్లు అవే, పాట మాత్రం మన గొంతులోకి వచ్చేస్తుంది. ప్రతి కొత్తవాడి చేతిలోనూ గిటార్ కంటే ముందు కాపో పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇక గిటార్. దుకాణానికి వెళ్లి, చేత్తో పట్టుకుని, వాయించగలిగేవాళ్లను ఒకరిని వెంటబెట్టుకుని కొనండి. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో నచ్చినది దొరక్కపోతే విజయవాడ ఎంతో దూరం కాదు. బిళ్లల పరీక్ష చేయండి. తర్వాత పన్నెండో మెట్టు మీద తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటి, వెంటనే అదే చోట నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం కావాలి. వీణకైతే మెట్లను మైనంలో చెవితో కూర్చుతారు, తేడా వస్తే మళ్లీ కూర్చుకోవచ్చు. గిటార్ మెట్లు కొట్టి బిగించినవి, వాటిని జరపలేం. ఒకప్పుడు మన వైపు గివ్‌సన్ లాంటి కోల్‌కతా గిటార్లే ఎక్కువగా కనబడేవి. ఇప్పుడు 2019లో మొదలైన చెన్నై కర్మాగారం నుంచి యమహా గిటార్లూ వస్తున్నాయి. ఎఫ్280 మోడల్ అక్కడిదే. పది వేలకు అటూ ఇటూ పెట్టగలిగితే ఏళ్ల తరబడి నిలిచే వాద్యం వస్తుంది. అంత లేకపోతే తక్కువ ధరది కొని, మిగిలిన డబ్బుతో పైన చెప్పిన మరమ్మతు చేయించుకోండి. కొత్త సంచి కంటే, ఆంప్లిఫయర్ కంటే ఆ ఖర్చు మేలు. వేళ్లు మరీ సున్నితమైనవాళ్లకు నైలాన్ తీగల గిటార్ ఉంది. దాని బిగువు ఉక్కు తీగల్లో ఇంచుమించు సగమే. మెడ కాస్త వెడల్పు, మోత మెత్తన. ఇంట్లో కూర్చుని పాడుకునేవాళ్లకు అది చాలా హాయి.

మన ఎండలూ తేమా వాద్యానికి పరీక్షే. మే నెలలో రేకుల షెడ్డులోనో, తలుపులేసిన కారులోనో పెడితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. కొల్లేరు వైపు, కైకలూరు, ఆకివీడుల్లో ఉండేవాళ్లకు ఉక్కు తీగలు తొందరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తీగలు తుడిచి సంచిలో పెట్టడం ఒక్కటే మందు. తుప్పు తీగ వేలినీ కోస్తుంది, శ్రుతికీ నిలవదు.

బాబాయి ఇప్పుడు రోజూ రాత్రి అన్నం తిన్నాక అరగంట వాయిస్తున్నారు. వేలికొసల నొప్పి పోయింది, చర్మం గట్టిపడింది. పిన్ని ఐదున్నర శ్రుతిలో పాడుతుంది, ఆయన కాపో బిగించి జి పట్టుకుంటారు. మొన్న నేను వెళ్లేసరికి గిటార్ ఆవిడ ఒళ్లో ఉంది, పాట ఆయన పాడుతున్నారు. ఆవిడకు నైలాన్ తీగలది కావాలట. వచ్చే ఆదివారం ముగ్గురం విజయవాడ వెళ్తున్నాం.